చెత్త విధానం మారితే విశాఖ గాలి మారుతుందా?

మధురవాడలో ఉంటున్న మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. తడి, పొడి చెత్తలను వేరు చేయడం, కాపులుప్పాడలో పాత చెత్త గుట్టలను తవ్వి శుద్ధి చేయడం, చెత్తతో కరెంటు తీయడం, రీసైక్లింగ్ పార్కులు పెట్టడం, వీటన్నింటినీ కలిపి సర్క్యులర్ ఎకానమీ, అంటే పారేసినదాన్ని తిరిగి వాడుకలోకి తెచ్చే పద్ధతి, అంటున్నారు కదా, వీటివల్ల మనం పీల్చే గాలి నిజంగా బాగుపడుతుందా, లేక పొగ ఒకచోటి నుంచి మరోచోటికి మారుతుందా? మీ అపార్ట్‌మెంట్ సంఘం చేయగలిగింది ఏమైనా ఉందా అని కూడా అడిగారు. ఘన వ్యర్థాల నిర్వహణలోనూ, పరిశ్రమల పొగగొట్టాల కొలతల్లోనూ చాలాకాలం పనిచేసిన పర్యావరణ ఇంజినీరుగా నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

గాలి బాగుపడుతుంది. అయితే నగరమంతటా ఒకేలా బాగుపడదు, వాయు నాణ్యత సూచీ బోర్డు మీద అంకె మారేంతగా కూడా బాగుపడకపోవచ్చు. ఈ విధానాల మంచి చెడ్డలు ముందుగా అనుభవంలోకి వచ్చేది చెత్త తగలబడే సందులో, డంపింగ్ యార్డు పక్క ఊళ్లో, తుక్కు కరిగించే షెడ్డు వెనుక బతికేవారికి. ఫలానా విధానం గాలికి మేలు చేసిందా లేదా అన్నది నా దృష్టిలో రెండు సంగతులను బట్టి తేలుతుంది. ఒకటి, తడి చెత్త వంటింట్లోనే విడిపోయిందా లేదా. రెండు, ఎంత వడపోసినా చివరికి మిగిలే పనికిరాని పదార్థం ఎక్కడికి చేరుతోంది, అక్కడి గాలి పీల్చేవారు ఎవరు.

ముందు విశాఖ గాలి స్వభావం చూడాలి. తూర్పున సముద్రం, దక్షిణాన యారాడ కొండ, పడమర, ఉత్తరాల వైపు సింహాచలం కొండలు, కైలాసగిరి ఉండగా, వాటి నడుమ పల్లంలో పాత నగరం, పోర్టు, పారిశ్రామిక ప్రాంతం ఒకదానినొకటి ఒరుసుకుని ఉన్నాయి. పగలు సముద్రం మీది నుంచి వీచే గాలి పొగను లోపలికి, కొండల వైపుకు నెడుతుంది. రాత్రి నేల మీది గాలి దానిలో కొంత తిరిగి ఊరి మీదుగా సముద్రం వైపు తీసుకుపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున నేల చల్లబడి, పైనున్న గాలి పొర వెచ్చగా ఉండిపోయినప్పుడు కింది పొగ పైకి లేవదు. సముద్రం పక్కనే ఉన్న ఊరికి కాలుష్యమేమిటని చాలామంది అనుకుంటారు కానీ, 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ప్రమాణాలను అందుకోలేని నగరాల కింద ఆంధ్రప్రదేశ్ నుంచి చేరిన 13 ఊళ్లలో విశాఖ కూడా ఉంది. పీఎం 10, అంటే పది మైక్రాన్లు మించని సన్నటి ధూళి, ఏడాది సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించకూడదన్నది మన జాతీయ ప్రమాణం. ధూళి కణాలను 2024 నాటికి 20 నుంచి 30 శాతం తగ్గించాలని మొదట పెట్టుకున్న లక్ష్యాన్ని తరువాత 2025-26 నాటికి 40 శాతానికి పెంచారు.

ఆ ధూళిలో చెత్త వాటా కొంత మాత్రమేనని మొదటే ఒప్పుకోవాలి. పోర్టులో దిగే బొగ్గు, ఖనిజాలు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం, పరవాడ దగ్గరి 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం, లారీల రాకపోకలు, రోడ్డు మీది దుమ్ము, ఇవన్నీ కలిస్తేనే విశాఖ గాలి. పోర్టు దగ్గరి జ్ఞానాపురంలోనో పాత పోస్టాఫీసు దగ్గరో బాల్కనీ తుడిచిన గుడ్డకు అంటే నల్లపొడికి ఇంట్లో చెత్త వేరు చేయడం మందు కాదు. దానికి కావలసినవి పైకప్పు ఉన్న గోదాములు, మూసిన కన్వేయర్లు, నిల్వల మీద నీటి తుంపర్లు, పట్టా కప్పిన వ్యాగన్లు. సర్క్యులర్ ఎకానమీ పేరు చెప్పి ఈ పనులను వెనక్కు నెట్టే ధోరణి ఎక్కడైనా కనబడితే దానిని గట్టిగా ప్రశ్నించాలి.

ఇక చెత్త విధానం నేరుగా ప్రభావం చూపే చోటికి వస్తాను. అన్నింటిలోకీ పెద్ద లాభం వీధుల్లో చెత్త తగలబెట్టడం ఆగినప్పుడు వస్తుంది. బరువు లెక్కన చూస్తే వీధిలో కాలే చెత్త నగరం మొత్తం చెత్తలో కొద్ది భాగమే కావచ్చు, కానీ హాని బరువును బట్టి ఉండదు. కుప్పలో రాజుకునే మంటకు గాలి సరిగ్గా అందదు, వేడి చాలదు. అందువల్ల సగం కాలిన పదార్థమంతా ఊపిరితిత్తుల లోతుకు చేరేంత సన్నటి పీఎం 2.5 కణాలుగా, కార్బన్ మోనాక్సైడ్‌గా, క్యాన్సర్ కారకమైన పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లుగా బయటికి వస్తుంది. అందులో పీవీసీ పైపు ముక్కో, రెగ్జిను ముక్కో, పాత వైరో ఉంటే డయాక్సిన్లు అనే అతి విషపూరిత రసాయనాలు కూడా పుడతాయి. దీనికి తోడు సమయం ఒకటి. మన వీధుల్లో ఊడ్చిన ఆకులకు నిప్పు పెట్టేది తెల్లవారుజామున, అంటే గాలి కదలిక అతి తక్కువగా ఉండి, పొగ మనిషి ముక్కు ఎత్తులోనే సందు పొడవునా పరుచుకునే వేళ. నడకకు వెళ్లేవారు, బడి బస్సు కోసం నిలబడ్డ పిల్లలు, ఆ కుప్ప పక్కనే మరో కుప్ప ఊడుస్తున్న పారిశుద్ధ్య కార్మికురాలు పీల్చేది ఆ పొగనే. కర్మాగారపు గొట్టం నుంచి కొన్ని పదుల మీటర్ల ఎత్తున వదిలిన అంతే పొగతో పోలిస్తే ఇది మనిషి లోపలికి చేరే పాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. భోగి నాడు పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు మంటల్లో వేయడం కూడా ఈ కోవలోదే. పిడకలు, కట్టెల వరకు ఉంచుకుంటే పండుగకు వచ్చే లోటేమీ లేదు.

బహిరంగంగా చెత్త కాల్చడాన్ని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు నిషేధించాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ మామూలుగా కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 రూపాయలు జరిమానా విధించాలని ఆదేశించింది. జరిమానా భయం కన్నా బండి రాక ఎక్కువ పనిచేస్తుందన్నది క్షేత్రంలో ఎవరికైనా అర్థమయ్యే సంగతి. చెత్త బండి వరుసగా రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఖాళీ స్థలంలో కుప్ప పడుతుంది, నాలుగో రోజు దానికి ఎవరో నిప్పు పెడతారు. కాబట్టి ఇంటింటి సేకరణ క్రమం తప్పకుండా జరగడమే నగరానికి ఉన్న మొదటి వాయు విధానం అంటాను. 2021 అక్టోబరు 2న రాష్ట్రంలో మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో మూడు రంగుల బుట్టలు, వాహనాలు వచ్చాయి, వాటితో పాటు జనం చెత్త పన్ను అని పిలిచిన వినియోగ రుసుమూ వచ్చింది; 2024లో ప్రభుత్వం మారాక ఆ రుసుము రద్దయింది. రుసుము మంచిదా చెడ్డదా అన్న రాజకీయ చర్చ నాకు అక్కరలేదు. సేకరణకు, డ్రైవరు జీతానికి, బండి మరమ్మతుకు డబ్బు ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి. అది కార్పొరేషన్ సాధారణ నిధుల నుంచే వస్తుందంటే మంచిదే కానీ, బడ్జెట్ కుదించవలసి వచ్చినప్పుడు మొదట కోత పడేది బండి తిరిగే సార్ల మీద కాకుండా కౌన్సిల్లో అడిగేవారు ఉండాలి.

తరువాతిది డంపింగ్ యార్డు. కలగలిపి పోసిన చెత్త గుట్ట లోపల గాలి ఆడక తడి పదార్థం కుళ్లి, వచ్చే వాయువులో సగం దాకా మీథేన్ ఉంటుంది. మీథేన్ వాతావరణాన్ని వేడెక్కించడంలో ఇరవై ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కు ఎనభై రెట్లు మించిన వాయువు. నేలకు దగ్గరగా ఓజోన్ ఏర్పడటానికి కూడా అది ముడిసరుకే. వేసవిలో గుట్ట లోపలి వేడికి ఒకచోట రాజుకుంటే పైన నీళ్లు కొట్టినా లోపలికి దిగవు, మంట అడుగున పాకుతూ మరోచోట తేలుతుంది. 2023 మార్చి 2న కొచ్చిలోని బ్రహ్మపురంలో అంటుకున్న చెత్త గుట్టను ఆర్పడానికి దాదాపు రెండు వారాలు పట్టింది, ఆ రోజుల్లో నగరవాసులను ఇళ్లలోనే ఉండమనవలసి వచ్చింది. కాపులుప్పాడ మీకూ భీమిలికీ మధ్యన ఉంది కనుక ఇది మీకు దూరపు వార్త కాదు. వేసవిలో మన తీరాన ఎక్కువగా నైరుతి నుంచి గాలి వీస్తుంది, అప్పుడు అక్కడి పొగ, వాసన భీమిలి వైపు పోతాయి; చలికాలంలో ఈశాన్యపు గాలికి అవే మీ వైపు మళ్లుతాయి.

అందువల్ల పాత గుట్టలను తొలగించే బయోమైనింగ్ పని గాలికి మేలే. అయితే ఆ పని జరుగుతున్నన్నాళ్లూ జరగని రోజుల కన్నా గాలి పాడయ్యే అవకాశం ఉంది, దీని గురించి ఎవరూ జనానికి ముందుగా చెప్పరు. పొక్లెయిన్ గుట్టను కోయగానే లోపలి నుంచి ఆవిరి, పుల్లటి వాసన ఒక్కసారిగా పైకి లేస్తాయి. తవ్వి తీసిన చెత్తను వరుసలుగా పోసి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, కొన్ని వారాల పాటు తిరగేస్తూ ఆరబెట్టి, ఆ తరువాత ట్రామెల్ అనే తిరిగే జల్లెడలో వేస్తారు. పెద్ద గుడ్డ, ప్లాస్టిక్ ముక్కలు ఒకవైపు, రాళ్లు మరోవైపు, మెత్తటి మట్టి కింద పడతాయి. పదార్థం తడిగా ఉంటే జల్లెడ కన్నాలు పూడుకుపోతాయి కనుక కాంట్రాక్టరు బాగా ఎండనిస్తాడు. బాగా ఎండితే ఆ మెత్తటి మట్టి, దానిలోని బూజు కణాలతో సహా, జల్లెడ చుట్టూ గోధుమ రంగు మేఘంలా లేస్తుంది. జల్లెడకు మూత, దుమ్ము లేచే చోట సన్నటి నీటి తుంపర, గాలి వేగం హెచ్చిన పూట పని నిలిపివేత, సరిహద్దు దగ్గర ధూళి మీటరు ఉన్నాయా అని అడగండి. కార్మికుల ముక్కుకు ఉన్నది అసలైన మాస్కా, తువ్వాలుగుడ్డా అన్నది చూస్తే మిగతా జాగ్రత్తలు ఎలా ఉన్నాయో అంచనా వేయవచ్చు.

చెత్తతో కరెంటు తీసే కర్మాగారం గురించి అడిగారు. కాపులుప్పాడ కర్మాగారం సామర్థ్యం 15 మెగావాట్లు. ఇలాంటి కర్మాగారం దానంతట అది విషపు గొట్టమూ కాదు, ప్రకటనల్లో చూపే పచ్చటి పరిష్కారమూ కాదు. దాని మంచి చెడ్డలు లోపలికి వెళ్లే చెత్తను బట్టి ఉంటాయి. 2016 నాటి నియమాల ప్రకారం పొగ కనీసం 950 డిగ్రీల వేడిలో రెండు సెకన్లు నిలవాలి, గొట్టం నుంచి వచ్చే ధూళి ఘనపు మీటరుకు 50 మిల్లీగ్రాములు, డయాక్సిన్లు 0.1 నానోగ్రాము మించకూడదు. ఇప్పుడు మన చెత్త సంగతి చూడండి. సగం నీరే ఉన్న టన్ను చెత్తలో 500 కిలోల నీరుంటుంది. దాన్ని ఆవిరి చేయడానికే దాదాపు 3 లక్షల కిలోకేలరీల వేడి ఖర్చవుతుంది. కిలోకు 1,500 కిలోకేలరీలకు మించిన వేడినిచ్చే, రీసైకిల్ కాని చెత్తనే ఇంధనానికి వాడాలని నియమం చెబుతోంది. కొబ్బరి బొండాలు, అరటి తొక్కలు, మురుగు కలిసిన బురద వచ్చి పడితే ఆ గీత దాటడమే కష్టమవుతుంది. తడి ఎక్కువైతే కొలిమి వేడి పడిపోతుంది, వేడి పడిపోతే డయాక్సిన్లు పూర్తిగా విచ్ఛిన్నం కావు, పైగా పొగ 450 నుంచి 200 డిగ్రీలకు చల్లబడే దశలో మెల్లగా చల్లబడితే అవి మళ్లీ కొత్తగా పుడతాయి. వాటిని పట్టడానికి సున్నం, ఉత్తేజిత కార్బన్ పొడి చల్లి, గుడ్డ సంచుల ఫిల్టరు గుండా పొగను పంపుతారు. ఆ కార్బన్ పొడి ఖర్చు ప్రతి రోజూ ఉంటుంది, దాన్ని తగ్గించినా గొట్టం పైన కంటికి ఏమీ తేడా కనిపించదు. ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్ల వంటివి ఆన్‌లైన్ మీటర్లలో నిరంతరం నమోదవుతాయి. డయాక్సిన్ల కొలత మాత్రం అప్పుడప్పుడూ నమూనా తీసి ప్రత్యేక ప్రయోగశాలకు పంపితే తప్ప తెలియదు, అదీ ఖరీదైన వ్యవహారం. మీవంటి సంఘాలు అడగవలసింది ఆ నివేదికలనే. ఫిల్టరులో పట్టుబడిన సన్నటి బూడిద ఎక్కడికి పోతోందో కూడా అడగండి. అది ప్రమాదకర వ్యర్థం, పరవాడ ఫార్మా సిటీలో ఉన్నటువంటి ప్రత్యేక కేంద్రానికి చేరాలి, రోడ్డు పక్క గుంత పూడ్చడానికి కాదు.

ఇక్కడ నాకు ఒక అభ్యంతరం ఉంది. రోజుకు ఇన్ని టన్నుల చెత్త ఇస్తామని ఒప్పందం కుదిరాక, చెత్త తగ్గించే పని మీద నగరానికి ఆసక్తి తగ్గుతుంది. ఇంట్లో విడిపోయి కాగితం మిల్లుకో, ప్లాస్టిక్ గుళికల యూనిట్‌కో వెళ్లవలసిన ఎండు సరుకే కొలిమికి కూడా అన్నింటికన్నా ఇష్టమైనది. తడి చెత్తను కొలిమికి దూరంగా ఉంచి, రీసైకిల్ కాని పొడి చెత్తను మాత్రమే పంపితే కొలిమీ బాగా నడుస్తుంది, గాలీ బాగుంటుంది, కాకపోతే అప్పుడు కర్మాగారానికి అందే టన్నులు చాలా తగ్గిపోతాయి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చే ఒప్పందాన్ని రాయడం ఇంజినీరింగు కన్నా కష్టమైన పని.

తడి చెత్తను ఏం చేయాలన్నదానికి జవాబులు కొత్తవి కావు. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన గోబర్‌ధన్ కర్మాగారం రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి బయో సీఎన్‌జీ తీసేలా కట్టారు. అది నిలబడటానికి కారణం యంత్రం కాదు, అక్కడి ఇళ్ల నుంచి ప్లాస్టిక్ కలవని తడి చెత్త రావడం. ఆ గ్యాసుతో నడిచే బస్సు డీజిల్ బస్సు కన్నా మసి చాలా తక్కువ వదులుతుంది. విశాఖకు మరో కారణం కూడా ఉంది. మన కార్పొరేషన్ అనకాపల్లి నుంచి భీమిలి దాకా పొడవుగా సాగిన ఊరు. గాజువాకలో పుట్టిన కూరగాయ తొక్కను జాతీయ రహదారి మీదుగా నగరం అవతలి కొసకు లారీలో మోయడమంటే, సగం నీరున్న సరుకును డీజిలు కాల్చి ఊరేగించడమే. రైతు బజార్లు, పూర్ణా మార్కెట్, హోటళ్లు, కల్యాణ మండపాల వంటి చోట్ల పుట్టే తడి చెత్తను ఆ జోన్‌లోనే కంపోస్టుగానో గ్యాసుగానో మారిస్తే మోత బరువు దాదాపు సగానికి దిగుతుంది, లారీల పొగ, అవి లేపే రోడ్డు దుమ్ము ఆ మేరకు తగ్గుతాయి. కంపోస్టు యూనిట్లు కూడా నిర్లక్ష్యంగా నడిపితే అమ్మోనియా, కుళ్లు వాసన వదులుతాయి. తిరగేయడం మానేసిన కుప్ప లోపల మీథేన్ పుడుతుంది. వాసన వచ్చిందని యూనిట్‌ను మూయించడం కన్నా నడిపించడం నేర్చుకోమని ఒత్తిడి చేయడం మేలు.

రీసైక్లింగ్ అనగానే గాలికి మంచిదని అనుకోవడం సగమే నిజం. మన ఇంటికి వచ్చే పాత ఇనుప సామాన్ల వ్యాపారి లేకపోతే విశాఖలో రీసైక్లింగే లేదు, అందుకు వారికి రుణపడి ఉన్నాం. సమస్య ఆ గొలుసు చివర్లో ఉంది. పాత కేబుళ్ల నుంచి రాగి తీయడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి తొక్క ఒలిచే యంత్రం, రెండోది అగ్గిపుల్ల. అగ్గిపుల్లతో పని నిమిషాల్లో అవుతుంది, అందుకే అది రాత్రి వేళ ఊరి శివారు గెడ్డ (వాగు) గట్టున జరుగుతుంది. తొక్క పీవీసీ, లోపల రాగి. డయాక్సిన్లు పుట్టడానికి రాగి స్వయంగా ఉత్ప్రేరకంగా పనిచేస్తుంది కనుక వీధి మంటలన్నింటిలోనూ ఇది అతి చెడ్డది. ఇన్వర్టరు, ఆటో బ్యాటరీల సీసం కథా ఇంతే. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, పెనం లాంటి పాత్ర, బొగ్గు ఉంటే పెరట్లోనే పని అయిపోతుంది. ఆ ఆవిరి చుట్టూ ఉన్న మట్టి మీద, పిల్లల చేతుల మీద దిగుతుంది. ఆమ్లాన్ని శుద్ధి చేసే తొట్టి, ఫిల్టరు, కార్మికులకు రక్త పరీక్షల ఖర్చు లేని షెడ్డు, అనుమతి ఉన్న కర్మాగారం కన్నా పాత బ్యాటరీకి కిలోకు ఎక్కువ ధర ఇవ్వగలదు, సరుకు సహజంగా అటే పోతుంది. 2022 నాటి బ్యాటరీ నియమాలు, 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాలు తయారీదారులే ఇంత శాతం వెనక్కు తీసుకుని రీసైకిల్ చేయించాలని లక్ష్యాలు పెట్టాయి. లక్ష్యం కాగితం మీద సర్టిఫికెట్‌తో పూర్తయి, సరుకు మాత్రం పెరటి కొలిమికే చేరితే, విధానం గెలిచినట్టూ గాలి ఓడినట్టూ లెక్క. పాత టైర్లను గాలి తగలకుండా వేడిచేసి నూనె తీసే పైరోలిసిస్ యూనిట్ల నల్ల ధూళి, వాటి నూనెను చౌక ఇంధనంగా కాల్చే కొలిములు కూడా ఇదే తనిఖీ కిందికి రావాలి. రీసైక్లింగ్ పార్కుల ఆలోచనలో నాకు నచ్చేది ఈ ఒక్క కారణం: విడివిడి షెడ్లకు కొనలేని ఫిల్టరును, మురుగు శుద్ధిని పార్కు ఉమ్మడిగా పెట్టగలదు. ఆ ఉమ్మడి సదుపాయాలు పూర్తికాకముందే ప్లాట్లు పంచితే మాత్రం అది పొగ షెడ్లను ఒకచోట పోగు చేయడమే అవుతుంది.

పరిశ్రమల ఉప ఉత్పత్తుల మాట క్లుప్తంగా చెబుతాను. ఉక్కు కర్మాగారంలో ఇనుము తీయగా మిగిలే బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగు సిమెంటులో క్లింకర్‌కు బదులుగా వాడుక అవుతుంది. సిమెంటుకు మూలమైన ఆ క్లింకర్ కోసం సున్నపురాయిని 1,450 డిగ్రీల దాకా కాల్చాలి కనుక ఈ మార్పిడి నిజమైన లాభమే, అయితే ఆ లాభం ఎక్కువగా సిమెంటు కొలిములున్న పల్నాడు, నంద్యాల ప్రాంతాల గాలికి దక్కుతుంది. సింహాద్రి బూడిద సంగతి మనకు దగ్గరిది. థర్మల్ కేంద్రాలు బూడిదను నూరు శాతం వినియోగంలోకి పంపాలని 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. ఎండాకాలపు గాలికి ఆరిన బూడిద చెరువు మీది నుంచి లేచే పొడి పక్క ఊళ్లకు శాపం, కాబట్టి బూడిద ఇటుకలకు, సిమెంటుకు తరలడం వారికి ఊరటే. తరలించేది మూసిన బల్కరులోనా (ట్యాంకరు లారీ), చిరిగిన పట్టా కప్పిన టిప్పరులోనా అన్నదే తేడా. రెండోదైతే పరవాడ బూడిదను లంకెలపాలెం కూడలి దాకా రోడ్డు పొడవునా పంచినట్టవుతుంది.

ఇళ్లు కూల్చిన శిథిలాల విషయంలో 2016లోనే నియమాలు వచ్చినా మన గెడ్డల గట్లు, ఖాళీ స్థలాలు చూస్తే అమలు ఎంతో తెలుస్తుంది. వాటిని పిండి చేసి ఇటుకలుగా, కంకరగా వాడితే రోడ్డు దుమ్మూ తగ్గుతుంది, అనకాపల్లి వైపు క్వారీలు, క్రషర్ల మీద భారమూ తగ్గుతుంది. పీఎం 10 మీటరు మీద చెత్త విధానం ఏదైనా కనబడేంత ప్రభావం చూపగలదంటే, అది ఈ శిథిలాల పనే చూపుతుందని నా అంచనా. విచిత్రంగా దీని మీదే అన్నింటికన్నా తక్కువ మాట్లాడతారు.

ఫలితాన్ని ఎలా కొలవాలన్నది కూడా చెప్పాలి. వాయు నాణ్యత సూచీ ఎనిమిది కాలుష్య కారకాల ఆధారంగా లెక్కిస్తారు. డయాక్సిన్లు, డంపింగ్ యార్డు వాసనకు మూలమైన హైడ్రోజన్ సల్ఫైడ్ అందులో లేవు. వాయు నాణ్యత చూపే సమీర్ యాప్‌లో కనిపించే కొలత కేంద్రం మీ వీధికి దూరంగా ఉన్నప్పుడు, ఆ అంకె ఆకుపచ్చగా ఉన్నంత మాత్రాన మీ సందులో పొగ లేదని కాదు. ధర తక్కువ ఉన్న పీఎం 2.5 సెన్సరు ఒకటి మీ ప్రాంగణంలో పెట్టుకుంటే, తీరప్రాంతపు తేమ వల్ల అంకె అసలు కన్నా ఎక్కువ చూపినా, ఏ పూట ఎగబాకిందో తెలుస్తుంది. ఉదయం ఆరుకు ఎగిసి ఎనిమిదికి దిగితే అది దగ్గరి మంట. రాత్రంతా మెల్లగా పెరుగుతూ పోతే అది ఊరందరి పొగ.

మీ సంఘం చేయగలిగిన పనుల్లో మొదటిది రాలిన ఆకులకు నిప్పు పడకుండా చూడటం. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే ప్రాంగణాలు నియమాల ప్రకారం పెద్ద ఉత్పత్తిదారుల కింద లెక్క. మనిషికి రోజుకు అర కిలో లోపు వేసుకున్నా మీ వంటి సముదాయం ఆ గీతకు దగ్గరలోనే ఉంటుంది. ఆ ఆకులను కాల్చే బదులు వంటింటి చెత్తతో కలిపి ప్రాంగణంలోనే కంపోస్టు చేసుకోండి. వంటింటి చెత్తకు రెండు మూడింతల పరిమాణంలో ఎండుటాకు కలిపితే వాసన రాదు. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కడితే మరింత ఆకు వేయాలి, పొడిపొడిగా రాలితే నీళ్లు చిలకరించాలి. వారానికోసారి తిరగేస్తే నెలన్నర, రెండు నెలల్లో ఎరువు తయారవుతుంది. ఎండుటాకు గోనెల్లో నింపి ఏడాది పొడవునా నిల్వ ఉంచుకోవచ్చు, దానికి నిప్పు తప్ప మరో శత్రువు లేదు.

రెండోది, ఇన్వర్టరు బ్యాటరీని కొత్తది కొన్న దుకాణానికే తిరిగివ్వడం, పాత వైర్లు, ఎలక్ట్రానిక్ సామాను ఏడాదికి రెండుసార్లు పోగుచేసి అనుమతి ఉన్న సేకరణ సంస్థకే అప్పగించడం. ఎక్కువ ధర ఇస్తానన్న వ్యాపారిని ఆ ధర ఎలా గిట్టుబాటు అవుతుందో ఒక్కసారి అడిగి చూడండి. మూడోది, కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు: కాపులుప్పాడ కర్మాగారపు గత రెండేళ్ల డయాక్సిన్ పరీక్ష నివేదికలు, ఫిల్టరు బూడిద పంపిన చోటి రసీదులు, యార్డు సరిహద్దు ధూళి కొలతలు కావాలని. వీధిలో మంట కనబడితే తేదీ, సమయంతో ఫొటో తీసి వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. కంపోస్టు గుంటలు నవంబరు లోపు సిద్ధం చేసుకుంటే చలికాలపు పొగ పేరుకునే రోజులకు ముందే మీ ప్రాంగణంలో మంట ఆగుతుంది. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలడం మొదలయ్యే నాటికి తోటమాలికి ఆ పని అలవాటై ఉంటుంది.